తాత ఇంజనీర్ అన్నావు కదమ్మా

"తాత ఇంజనీర్ అన్నావు కదమ్మా" అని మావాడు అడిగింది ఇంట్లో కాదు, ఆస్ట్రేలియాలో గనుల ఊరు బ్రోకెన్ హిల్‌లో గుట్ట మీద నిలబడి, వీడియో కాల్‌లో మా బాపు వింటుండగా. వారం దాటింది, ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది.

జులై సెలవులకి అడిలైడ్ నుంచి కార్లో వెళ్ళాం, ఐదొందల కిలోమీటర్లు. యుంటా అనే చిన్న ఊరు దాటాక ఇక ఎర్రమట్టి, పొట్టి పొదలు, అంతే. బార్డర్ దాటి న్యూ సౌత్ వేల్స్‌లోకి వెళ్ళినా టైం మారదు, ఆ ఊరు మన అడిలైడ్ టైమే పాటిస్తుంది, వాళ్ళ ఖనిజం కూడా ఇటు పోర్ట్ పీరీకే రైల్లో వచ్చేది. వీధుల పేర్లు ఆర్జెంట్, క్లోరైడ్, సల్ఫైడ్, ఆక్సైడ్. మావాడు ఒక్కో బోర్డూ పైకి చదువుతూ ఎంత సంతోషపడ్డాడో. 1883లో చార్లెస్ రాస్ప్ అనే ఆయన, గొర్రెల ఫారంలో కంచెలు చూసుకునే మనిషి, తగరం అనుకుని చూస్తే వెండి, సీసం, జింక్ బయటపడ్డాయట. బీహెచ్‌పీ అనే పెద్ద గనుల కంపెనీ పుట్టింది అక్కడే. ఆ పేరుగల కొండ మాత్రం ఇప్పుడు లేదు, మొత్తం తవ్వేశారు. ఊరి మధ్యలో కనిపించే గుట్ట తవ్విపోసిన రాళ్ళూ మట్టే.

దాని మీద గనుల్లో చనిపోయిన వాళ్ళ స్మారకం ఉంది. ఎనిమిదొందలకి పైగా పేర్లు, ఎవరు ఎలా పోయారో కూడా రాశారు. నాకు ఒక్కసారిగా బొగ్గు గనుల ఊరు మా గోదావరిఖని గుర్తొచ్చేసింది, సైరన్, షిఫ్ట్ దిగి సైకిళ్ళ మీద వచ్చే జనం, అన్నీ. ఏమీ ఆలోచించకుండా బాపుకి కాల్ చేశా, అక్కడ ఇంకా పొద్దున్నే.

"అది బాయేనా బిడ్డా? ఎట్ల దిగుతరు ఆడ? మనకైతే ఇన్‌క్లైన్, నడుసుకుంటనే దిగేటోళ్ళం" అన్నాడు బాపు. బాయి అంటే మా వైపు గని. మావాడు ఫోన్ లాక్కుని వచ్చీరాని తెలుగులో "తాతా, నువ్వు కూడా లోపలికి వెళ్ళావా?" అన్నాడు. "ముప్పై ఏండ్లు దిగిన బిడ్డా. తట్టా చెమ్మస్ పట్టి టబ్బులల్ల బొగ్గు నింపిన." తట్టా చెమ్మస్ అంటే గంపా, పారా.

అప్పుడు అడిగాడు వాడు ఆ మాట. నేను నోరు తెరవలేకపోయాను. బాపు ఒక్క క్షణం ఆగి "సరే గని, ఇంకో పేరు సదువు బిడ్డా, ఆయనకేమైందట" అన్నాడు. వాడు చదువుతుంటే నేను తెలుగులో చెప్తున్నా. రాయి పడి అంటే "మా దగ్గర రూఫ్ పడుడు అంటం" అన్నాడు. యూనియన్ ఉండేనా అని అడిగాడు. 1919లో మొదలుపెట్టి పద్దెనిమిది నెలలు సమ్మె చేసి వారానికి 35 గంటల పని సాధించుకున్నారని చెప్తే "శెభాష్" అన్నాడు, ఆ ముఖంలో అంత వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో.

ఇంజనీర్ అని ఎందుకు చెప్పానంటే, ముందు నేను చెప్పలేదు. సింగరేణిలో ఉద్యోగం అన్నాను, అది నిజమే. ఒక పాట్‌లక్ విందులో ఎవరో "ఓ, ఇంజనీరా అండీ" అంటే కాదు అనలేదు. తర్వాత వాడి స్కూల్లో ఫ్యామిలీ ట్రీ చార్ట్ చేయాల్సి వచ్చినప్పుడు నేనే స్పెల్లింగ్ చెప్పి రాయించాను. అదే నేను, ఇంటికి ప్లంబర్ వస్తే "ఏ పనీ తక్కువ కాదు నాన్నా" అని వాడికి క్లాస్ తీసుకుంటాను.

తిరిగొచ్చేటప్పుడు కార్లో వాడు "నేను కూడా పెద్దయ్యాక మైన్స్‌లో చేస్తా, రెండు వారాలు వెళ్ళి రావచ్చు, చాలా డబ్బులిస్తారు" అన్నాడు. నేను గట్టిగా అరిచేశాను, నోర్మూసుకుని చదువుకో అని. వాడు చాలాసేపు కిటికీలోంచి చూసి, "అయితే తాత జాబ్ మంచిది కాదా?" అన్నాడు. మా ఆయన పెట్రోల్ బంక్ ఎక్కడుందో వెతుకుతున్నట్టు మ్యాప్ పెద్దది చేసుకుంటూ కూర్చున్నారు.

పిల్లలకి తాతల పని గురించి దాచకండి అని రాద్దామని కూర్చున్నా నిజానికి. రాస్తుంటే గుర్తొస్తోంది, బాపు కూడా మాకు చూపించలేదు. బాయి దగ్గరే స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని వచ్చేవాడు. ఎంత కడిగినా కళ్ళ అంచుల్లో బొగ్గు మిగిలేది, కాటుక పెట్టుకున్నట్టు ఉండేది, చిన్నప్పుడు అది అందం అనుకునేదాన్ని. "నా కొడుకు బాయి దిగొద్దు" అని తమ్ముణ్ణి హాస్టల్‌లో వేశాడు, నన్ను హైదరాబాద్ పంపాడు. మరి మావాడి మీద నేను అరిచింది ఆయన మాటా, నా సిగ్గా? విడదీసి చూడటం నాకు చేతకావట్లేదు.

నిన్న ఆదివారం బాపుకి ఫోన్ చేశా, సారీ చెప్దామని. చెప్పేలోపే "పిలగాడు ఏడి, వానికియ్యి" అన్నాడు. అరగంట మాట్లాడుకున్నారు, క్యాప్ ల్యాంప్ గురించి, గ్యాస్ ఎట్లా చూస్తారో దాని గురించి, నేను ఎప్పుడూ అడగనివన్నీ. నేను వంటింట్లో నిలబడి విన్నాను.

వచ్చే సోమవారం స్కూల్ తెరుస్తారు. ఆ చార్ట్ ఇంకా క్లాస్ గోడ మీదే ఉంది. మార్చమని టీచర్‌కి మెయిల్ రాసి పెట్టుకున్నాను, ఇంకా పంపలేదు.