స్టార్ట్ లైన్‌లో ఒకరు, పాప దగ్గర ఒకరు

మా ఇద్దరికీ ఆటోక్రాస్ అంటే ప్రాణం. ఖాళీ మైదానంలో కోన్‌లు పెట్టి, ఒక్కో కారునీ విడిగా వదిలి, సెకనులో వెయ్యో వంతు వరకు టైమ్ తీసే ఆట ఇది. కారు ఒక్కటే, డ్రైవర్లం ఇద్దరం. పెళ్లికి ముందు నుంచీ ఇదే పద్ధతి. బిడ్డ రాబోతోందని తెలిశాక, ఆట ఆగకుండా ఎలా నడిపించాలా అని ఇద్దరం కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం. అప్పటి నుంచి రాసుకుంటూ వచ్చిన నోట్స్‌లో, ఇదే దారిలో ఉన్న జంటలకు పనికొస్తాయనుకున్నవి ఇక్కడ పెడుతున్నాను.

కడుపుతో ఉన్న నెలలు

డాక్టర్‌తో మాట్లాడిన రోజే నేను స్టీరింగ్ మా ఆయనకి ఇచ్చేశాను. ఆటోక్రాస్‌లో వేగాలు తక్కువ, దెబ్బలు తగలడం అరుదు. నిజమే. కానీ హార్నెస్ (రేసు కారులో ఒంటిని సీటుకి కట్టే పట్టీల బెల్టు) నడుం పట్టీ కటి ఎముకల మీద కిందికి బిగిసి ఉండాలి. కడుపు పెరిగే కొద్దీ అది పైకి జరుగుతుంది. తల్లికి పెద్దగా ఏమీ కాని కుదుపులో కూడా మాయ (ప్లాసెంటా) గర్భాశయం గోడ నుంచి విడిపోయే అవకాశం ఉంది. ఆ ఒక్క మాటతో మా చర్చ అయిపోయింది.

ప్యాడాక్‌లో, అంటే కార్లు ఆపి సిద్ధం చేసుకునే చోట, నిలబడటం గురించి కూడా ఆలోచించాల్సి వచ్చింది. కొన్ని రేసింగ్ ఇంధనాల్లో ఇప్పటికీ సీసం కలుపుతారు. సీసం మాయను దాటి బిడ్డ రక్తంలోకి వెళ్తుంది. అందుకని ఇంధనం నింపే చోటికి నేను వెళ్లడం మానేశాను. బ్రేక్ క్లీనర్, పెయింట్ లాంటివన్నీ మా ఆయనే చూసుకున్నాడు. గ్యారేజీ బట్టలకి వేరే బుట్ట పెట్టి, వేరుగా ఉతకడం అప్పుడే మొదలైంది. పాప పుట్టాక కూడా ఆ అలవాటు మార్చలేదు.

ఇక శబ్దం. 115 డెసిబెల్స్ దాటిన చోట గర్భిణులు చెవులకు రక్షణ పెట్టుకున్నా సరే ఉండకూడదని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ సలహా. ఇయర్‌మఫ్స్ తల్లి చెవులను కాపాడతాయి గానీ, ఒంట్లోంచి లోపలికి వెళ్లే శబ్దాన్ని ఆపలేవు. సైలెన్సర్ తీసేసిన కార్లున్న గ్రూప్ బయల్దేరేటప్పుడు నేను మైదానం అవతలి చివరికి వెళ్లిపోయేదాన్ని. ఆరుబయట దూరం రెట్టింపు చేస్తే శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. నాలుగు అడుగులు పక్కకి జరిగితే సరిపోదు. గట్టిగా నడవాలి.

నడపలేని ఆ నెలల్లో నేను పట్టుకున్న పని డేటా. ఫోన్‌లో ఉండే జీపీఎస్ సాధారణంగా సెకనుకు ఒక్కసారే చోటు నమోదు చేస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా వెళ్లిపోతుంది. అంత దూరంలో స్లాలమ్‌లో (వరస కోన్‌ల మధ్య అటూ ఇటూ తిప్పే చోట) ఒక కోనే దాటిపోవచ్చు. సెకనుకు పదిసార్లు రాసే చిన్న లాగర్ కొని డ్యాష్‌బోర్డు మీద అంటించాం.

మా ఆయన రన్‌లు ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తుంటే హెయిర్‌పిన్ (వెనక్కి తిరిగే బాగా ఇరుకు మలుపు) ముందు ఒకటి కనిపించింది. వేగం గీత కొండకొమ్ములా మొనదేలి ఉండాలి. తన గీత మాత్రం అక్కడ గుండ్రంగా ఉంది. యాక్సిలరేటర్ వదిలాక బ్రేకు మీద కాలు పడటానికి కాసేపు పడుతోంది. ఆ కాసేపూ కారు ఊరికే దొర్లుతోంది. తనకి చూపిస్తే, "అక్కడ లేట్‌గా బ్రేకు వేస్తున్నాననుకున్నా" అన్నాడు. తర్వాతి ఈవెంట్‌లో వదలడం, తొక్కడం ఒక్క కదలికగా చేశాడు. గీత మొనదేలింది, టైమ్ తగ్గింది. ఆ పూట నాకు నేనే గెలిచినంత సంతోషం.

ఆ రోజుల్లో ఫ్రెంచ్ కార్ ర్యాలీ డ్రైవర్ మిషెల్ మూటన్ గురించి చాలా చదివాను. 1981లో ఇటలీలోని సాన్‌రెమో ర్యాలీ గెలిచి, ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ రౌండ్ గెలిచిన మొదటి మహిళ అయ్యింది. 1982లో పోర్చుగల్, గ్రీస్, బ్రెజిల్ గెలిచి చాంపియన్‌షిప్‌లో రెండో స్థానంలో నిలిచింది. 1986 తర్వాత పూర్తిస్థాయి ర్యాలీలు ఆపి, మరుసటి ఏడాది తల్లయింది. 1988లో రేస్ ఆఫ్ చాంపియన్స్ అనే పోటీని మొదలుపెట్టిన వాళ్లలో ఆమె ఒకరు. ఆ తర్వాత ప్రపంచ మోటార్‌స్పోర్ట్ సంస్థ ఎఫ్‌ఐఏ మహిళా కమిషన్‌కి అధ్యక్షురాలిగా పనిచేసింది. ఆవిడ స్థాయి వేరు, మాది వేరు. అయినా ఈ ఆటలో స్టీరింగ్ ఒక్కటే చోటు కాదన్న ధైర్యం నాకు అక్కడే దొరికింది.

ఎనిమిదో నెల: కారు పని

మాకున్నది ఒక్క కారు. అందులోనే మైదానానికి వెళ్లాలి, అందులోనే పాపని తీసుకెళ్లాలి. కాబట్టి వెనక ఉన్న హాఫ్ కేజ్ (కారు బోల్తా పడితే లోపలివాళ్లను కాపాడే రోల్ కేజ్‌లో సగం, ఇనప గొట్టాల చట్రం) తీసేశాం. రోల్ కేజ్ హెల్మెట్ పెట్టుకున్న తలకి రక్షణ. హెల్మెట్ లేని తలకి, అందులోనూ వెనక సీటులో ఉండే పసితలకి, అదే ఇనప గొట్టం ప్రమాదం. ప్యాడింగ్ చుడితే సరిపోదా అని స్నేహితులు అడిగారు. మా మనసు ఒప్పుకోలేదు.

వెనక సీటు మళ్లీ బిగించాక అసలు చిక్కు బయటపడింది. పిల్లల సీటు వెనక్కి తిరిగి ఉండాలి. యూరప్ ఆర్129 ప్రమాణం ప్రకారం కనీసం 15 నెలల దాకా అలాగే ఉంచాలి. వెనక్కి తిరిగిన సీటు చాలా చోటు తీసుకుంటుంది. మా బకెట్ సీటు (ఒంటిని పక్కల నుంచి పట్టి ఉంచే రేసింగ్ సీటు) వీపు వంగదు, మడవదు. డ్రైవర్ వెనక పాప సీటు పెడితే మా ఆయన మోకాళ్లు స్టీరింగ్‌కి తగులుతున్నాయి. చివరికి పాప సీటు ఎడంపక్క సీటు వెనక పెట్టి, ఆ ముందు సీటుకి కంపెనీ ఇచ్చిన మామూలు సీటే తిరిగి వేశాం. బకెట్ ఒక్కటే మిగిలింది, డ్రైవర్‌కి. మీ కారుకి బకెట్ సీట్లు కొనే ముందు పాప సీటు కూడా పట్టుకెళ్లి పెట్టి చూడండి. టేపుతో కొలిస్తే తేలే విషయం కాదిది.

కేజ్, అతుక్కునే టైర్లు తీసేయడంతో కారు కింది క్లాసులోకి, అంటే తక్కువ మార్పులున్న కార్ల విభాగంలోకి వెళ్లింది. ఇది నాకు నచ్చింది. టైర్లు ఎక్కువ కాలం వస్తాయి, వాన రోజు ఇంటికి వెళ్లేటప్పుడు భయం ఉండదు. ట్రాక్ కోసం వేసిన బ్రేకు ప్యాడ్లు కూడా తీసేశాం. అవి వేడెక్కితేనే పట్టుకుంటాయి. చల్లగా ఉన్నప్పుడు రోడ్డు మీద, పాప వెనక ఉండగా, మొదటి బ్రేకే సరిగ్గా పట్టాలి. బ్రేక్ ఫ్లూయిడ్ మాత్రం ప్రసవానికి ముందే కొత్తది పోశాం. మేం వాడే డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. అది గాల్లో తేమ పీల్చుకుంటుంది. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. బిడ్డ పుట్టాక తొలి నెలల్లో బ్రేకు బ్లీడింగ్ (గొట్టాల్లోని పాత ఫ్లూయిడ్, గాలి బయటికి తీయడం) చేయడానికి ఇద్దరు మనుషులు, ఖాళీ గంట దొరకవు. ఒకరు పెడల్ తొక్కాలి, ఇంకొకరు చక్రం దగ్గర బ్రేకు నిపుల్ విప్పాలి. ముందే చేసుకోండి.

పుట్టాక

పాప పుట్టింది. కొన్నాళ్లు ఈ నోట్స్‌లో ఏమీ రాయలేదు, రాయాలనిపించలేదు కూడా.

తర్వాత రాసిన మొదటి మాట నిద్ర గురించి. వరసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్ల స్థాయికి పడిపోతుందని 1997లో డాసన్, రీడ్ అనే పరిశోధకులు చూపించారు. తాగి స్టార్ట్ లైన్‌కి వచ్చినవాణ్ని ఏ నిర్వాహకుడూ వదలడు. నిద్రలేనివాణ్ని ఎవరూ ఆపరు, మనమే ఆగాలి. మేం పెట్టుకున్న నియమం: ముందు రాత్రి ముక్కలు ముక్కలుగానైనా ఆరు గంటల నిద్ర లేకపోతే ఆ మనిషి హెల్మెట్ ముట్టడు. ఆట కన్నా ఇంటికి తిరిగి వెళ్లే హైవే గురించే ఈ నియమం ఎక్కువ. ఈవెంట్ ముందు రాత్రి ఎవరు నడపబోతున్నారో వాళ్లు వేరే గదిలో పడుకుంటారు.

నేను తిరిగి సీట్లో కూర్చోవడానికి డాక్టర్ సరేనన్నాక కూడా తొందరపడలేదు. గట్టి బ్రేకు వేయాలంటే పొట్ట కండరాలు బిగిసి ఒంటిని నిలబెట్టాలి. అవి ఇంకా కోలుకుంటున్నాయి. ముందు ఖాళీ రోడ్డు మీద మామూలు సీటులో, ఆ తర్వాత బకెట్‌లో ఊరికే కూర్చుని హార్నెస్ బిగించి చూసుకున్నాను. ఒళ్లు మారింది. పట్టీలన్నీ కొత్తగా సర్దుకోవాల్సి వచ్చింది, సీటు ఒక గాడి వెనక్కి జరిగింది.

పాలిచ్చే తల్లులకు ఒక మాట. మీ పోటీలో ఫైర్ సూట్ తప్పనిసరైతే ఒంటిముక్క సూట్ వద్దు, రెండు ముక్కలది తీసుకోండి. ఒంటిముక్క సూట్‌లో పాలివ్వాలంటే నడుం దాకా విప్పాలి. మా ఆటోక్రాస్‌లో పొడుగు చేతుల కాటన్ చొక్కా చాలు కాబట్టి నాకు సులువైంది. రన్ అయ్యాక చేతులు సబ్బుతో కడిగి, చొక్కా మార్చి, అప్పుడే పాపని ఎత్తుకుంటాను. బ్రేకు పొడి గోళ్ల సందుల్లోకి చేరుతుంది, ఒట్టి నీళ్లకు పోదు.

హీట్‌ల లెక్క

అన్నిటికన్నా ఎక్కువ బుర్ర పెట్టింది దీని మీదే. క్లబ్ ఆటోక్రాస్‌లో డ్రైవర్లను హీట్‌లుగా, అంటే విడతలుగా, విడగొడతారు. ఒక హీట్‌లో నడిపినవాళ్లు ఇంకో హీట్‌లో కోర్సు మీద మార్షల్‌గా నిలబడాలి. పడిన కోన్‌లు లేపాలి, రేడియోలో పెనాల్టీ చెప్పాలి. ఒకే కారు పంచుకునే డ్రైవర్లను మామూలుగా ఒకే హీట్‌లో వేస్తారు. ఒకరు దిగగానే ఇంకొకరు ఎక్కుతారు. ఆ మధ్యలో టైర్లు వేడెక్కి జారకుండా నీళ్లు కొడతాం. పాప చేతిలో ఉంటే ఇది ఏమాత్రం కుదరదు.

నాలుగు హీట్‌లున్న రోజు తేలిక. నేను మొదటి దాంట్లో నడిపి రెండో దాంట్లో మార్షల్. మా ఆయన మూడో దాంట్లో నడిపి నాలుగో దాంట్లో మార్షల్. ఎవరో ఒకరు పూర్తిగా పాప దగ్గరే ఉంటారు. టైర్లకు చల్లబడే వ్యవధి కూడా దొరుకుతుంది. మూడే హీట్‌లున్న రోజు లెక్క తెగదు. ఇద్దరికీ రెండేసి పనులు, అంటే నాలుగు. ఉన్నవి మూడు గడులు. దీనికి మేం కనిపెట్టిన దారి: ఒకరి మార్షల్ పనికి బదులు పొద్దున్నే స్క్రూటినీ పని అడిగి తీసుకోవడం. వచ్చిన కార్లకు వీల్ నట్లు, బ్యాటరీ బిగింపు, హెల్మెట్ స్టిక్కరు చూసే పని అది. రన్‌లు మొదలయ్యే సరికి అయిపోతుంది. నిర్వాహకులకు కనీసం వారం ముందే రాస్తే ఏర్పాటు చేస్తున్నారు. ఈవెంట్ రోజు పొద్దున అడగడం వాళ్లకూ ఇబ్బందే.

పాపని మార్చుకునేటప్పుడు పైకి చెప్పుకుంటాం. "పాప నా దగ్గర" అని తీసుకునేవాళ్లు అనాలి, ఆ మాట వినేదాకా ఇచ్చేవాళ్లు కదలకూడదు. హెల్మెట్ చేతిలో ఉన్న మనిషి పాప బాధ్యతలో లేనట్టే.

చెవులు, ఎండ

పాపకి మెత్తని బ్యాండ్ ఉన్న ఇయర్‌మఫ్స్ కొన్నాం. కానీ పసిపిల్లల తలకు అవి గంటల తరబడి పెట్టకూడదు. అందుకే దూరమే మొదటి రక్షణ, మఫ్స్ రెండోది. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటల దాకా ఉండొచ్చనేది పెద్దవాళ్లకు పెట్టిన హద్దు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర పదిహేను నిమిషాలే. పసిచెవులకు అంతకన్నా జాగ్రత్తగా ఉంటాం. నిలబెట్టిన కారులో పాపని ఒక్క నిమిషం కూడా ఉంచం. ఎండలో మూసిన కారు పది నిమిషాల్లోనే దాదాపు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. కారు సీట్లోనే పడుకోబెట్టి ఉంచడం కూడా లేదు. మైదానం చేరగానే పరిచిన పక్క మీదకి మారుస్తాం, ప్రయాణంలో రెండు గంటలకోసారి ఆగి దించుతాం.

నా మొదటి రన్

చాలా నెలల తర్వాత లైన్‌లో నిలబడ్డాను. గుండె దడదడలాడింది, చాలా ఇష్టంగా. లాగర్ చూస్తే స్లాలమ్ పాతలాగే ఉంది, బ్రేకింగ్ మాత్రం ప్రతిచోటా ముందుగా మొదలైంది. తల్లయ్యాక ధైర్యం తగ్గుతుందని చాలామంది అంటారు. నేనలా అనుకోను. తర్వాతి ఈవెంట్‌కి ముందు మా అమ్మ వచ్చి ఉంది, నేను హాయిగా నిద్రపోయాను. ఆ రోజు గీతలో నా బ్రేకింగ్ పాయింట్లు పాత చోటికి వచ్చేశాయి.

ర్యాలీ

ఇద్దరం కలిసి ర్యాలీ చేయాలని, నేను నడిపితే తను పక్క సీటులో నావిగేటర్‌గా దారి నోట్స్ చదవాలని ఎప్పటి నుంచో ఉంది. ప్రస్తుతానికి స్పెషల్ స్టేజీల్లో (ర్యాలీలో టైమ్ తీసే, మూసిన రోడ్డు భాగాల్లో) ఇద్దరం ఒకే కారులో కూర్చోకూడదని నిర్ణయించుకున్నాం. పాప పెద్దయ్యాక మళ్లీ ఆలోచిస్తాం. ఈలోగా నేను వేరే నావిగేటర్‌తో వెళ్తాను. జీవిత బీమా కాగితాలు తీసి చదివాం. మోటార్‌స్పోర్ట్ గురించి చెప్పకుండా తీసుకున్న పాలసీ అవసరమైనప్పుడు చెల్లకపోవచ్చు. మా పాలసీలో రాతపూర్వకంగా చేర్పించాం.

ర్యాలీకి కావాల్సిన వాటిలో ముందు కొనేది హాన్స్, అంటే గుద్దుకున్నప్పుడు తల ముందుకి విసురుగా వెళ్లకుండా మెడని కాపాడే పరికరం. దాన్ని తయారుచేసింది బావాబావమరుదులు. రాబర్ట్ హబ్బర్డ్ గాయాల మీద పనిచేసిన ఇంజినీరు, జిమ్ డౌనింగ్ రేసింగ్ డ్రైవరు. 1980ల్లో మొదలుపెట్టారు, 2003 నుంచి ఫార్ములా 1లో తప్పనిసరైంది. ఇంట్లో మనిషి ట్రాక్ మీదకి వెళ్తుంటే, ఇంకో మనిషి అతని మెడ గురించి కూర్చుని ఆలోచించడం నాకు చాలా నచ్చే విషయం. హెల్మెట్లు స్నెల్ అనే పరీక్షా సంస్థ కారు రేసులకు ఇచ్చే ఎస్ఏ రకమే చూస్తున్నాం. బైకులకు ఇచ్చే ఎం రకంలో మంటలకు తట్టుకునే లోపలి గుడ్డ పరీక్ష ఉండదు. ఆ స్నెల్ సంస్థ కూడా 1956లో తలకు దెబ్బ తగిలి చనిపోయిన పీట్ స్నెల్ అనే అమెచ్యూర్ రేసర్ పేరు మీద, మరుసటి ఏడాది మొదలైనదే.

వచ్చే ఈవెంట్‌లో మూడే హీట్‌లు. స్క్రూటినీ పని ఈసారి మా ఆయన అడిగాడు, నిర్వాహకులు సరేనన్నారు. నేను మొదటి హీట్‌లో నడుపుతాను, రెండో దాంట్లో మార్షల్. అప్పటిదాకా పాప తన దగ్గర, తను నడిపే మూడో హీట్‌లో నా దగ్గర. ఈలోగా ముందు టైర్లు వెనక్కి మార్చాలి. ఎడమ ముందు టైరు బయటి అంచు మిగతావాటి కన్నా త్వరగా అరుగుతోంది. ప్రెషర్ కొంచెం పెంచి చూడాలి.