పెద్దమామ్మ పేరు

మా అమ్మాయికి 12 ఏళ్ళు. పుట్టిందీ పెరిగిందీ ఇంగ్లండులోనే. నిరుడు బడిలో వంశవృక్షం గీసుకురమ్మన్నారు. దాని స్నేహితురాలు పది తరాలు గీసింది. అక్కడ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు చర్చి పుస్తకంలో రాసిపెట్టాలని రాజు ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ 1538లోనే ఆజ్ఞ వేశాడు. 1858 దాకా వీలునామాలు చర్చి కోర్టుల్లోనే రుజువయ్యేవి. వాటిలో పెద్ద కోర్టుకి వచ్చినవి 1384 నాటి నుంచీ లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మా దాని కాగితం మీద గీత మా తాతయ్య దగ్గరే ఆగిపోయింది.

"మనవాళ్ళు ఏమీ రాసుకోలేదా అమ్మా?" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వేసవి సెలవులకి శ్రీకాకుళం వెళ్ళాం. నాగావళి ఒడ్డున మా ఊరు. విషయం చెప్తే పెదనాన్న నవ్వాడు. "ఆ పాత కాయితాలేటి సేసుకుంటావే గుంటా?" అంటూనే ట్రంకు పెట్టె తెరిచాడు. భూమి కాగితాల అడుగున, నాలుగు మడతలు పెట్టిన ముత్తాత వీలునామా. 1931 నాటిది. మడతల దగ్గర చిరిగి, సిరా గోధుమరంగుకి తిరిగింది. మామూలు కాగితమే, వీలునామాకి స్టాంపు అక్కర్లేదు కదా. రిజిస్టరు చెయ్యడమూ తప్పనిసరి కాదు. అందుకే మన పల్లెల్లో వీలునామాలు ఆఫీసుల కంటే ఇళ్ళలో పెట్టెల్లోనే ఎక్కువ దొరుకుతాయి. పెద్దవాళ్ళుండగానే ఆ పెట్టెలు తీయించండి. ఏ కాగితం ఎవరిదో చెప్పగలిగేది వాళ్ళే.

మొదటి వరుసలోనే పిల్ల ఆగిపోయింది. "గంజాం జిల్లా చికాకోలు తాలూకా" అని ఉంది. చికాకోలంటే శ్రీకాకుళం పాత పేరే. ఫోనులో మ్యాపు చూసి, "గంజాం ఒడిశాలో ఉంది కదా, మనం ఒడియా వాళ్ళమా?" అంది. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు మన తాలూకా విశాఖపట్నం జిల్లాలో కలిసిందనీ, 1950లో శ్రీకాకుళం జిల్లా అయిందనీ చెప్పాను. ఊరు కదల్లేదు, జిల్లాయే మారింది. అది దానికి భలే నచ్చింది.

ముత్తాతకి చదువు రాదు. చివర వేలిముద్ర, పక్కన రాయసగాడి దస్తూరీ. పొలం హద్దులు, కొడుకుల వాటాలు అయ్యాక ఒక మాట: తన తదనంతరం తన భార్య బతికున్నంతకాలం చెరువు కింద మడి పంట అనుభవించాలని. అక్కడ ఆవిడ పేరుంది.

ఇంగ్లండు పాత చర్చి పుస్తకాల్లో చాలాచోట్ల బిడ్డకి తండ్రి పేరే రాసి వదిలేశారు. 1882లో పెళ్ళయిన ఆడవాళ్ళ ఆస్తి చట్టం వచ్చేదాకా అక్కడ పెళ్ళయిన ఆడది భర్త ఒప్పుకోనిదే సాధారణంగా వీలునామా రాయడానికే లేదు. వేలిముద్ర వేసిన మా ముత్తాత మాత్రం భార్య పేరు పూర్తిగా రాయించాడు. నాకు ఆయన మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

ఆవిడ పేరు ఇంట్లో ఎవరికీ తెలీదు. "మాకావిడ పెద్దమామ్మే. పేరేటో ఎవులికి తెలుసు?" అన్నాడు పెదనాన్న. ఆయన్ని ఒళ్ళో వేసుకుని పెంచిన మనిషి.

ఆదివారం క్లాసులో నేర్చుకున్న తెలుగుతో మా అమ్మాయి ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివింది. సింహాచలం అప్పన్న పేరు కలిసిన పేరు, మా వైపు ఇంటింటా ఉండేదే. 'ప' కింద వత్తు దగ్గర తడబడింది.

పెదనాన్న కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇంకోపాలి సదువమ్మా."