ఫోను పెట్టేసిన తరువాత

కనిగిరి ప్రాంతంలో పనిచేసే మా చిన్న ట్రస్టు, పడమటి మండలాల పల్లెలకు ఫోను ద్వారా, వీడియో ద్వారా మానసిక వైద్యం అందించేందుకు ఒక కంపెనీ నుంచి నిధులు కోరుతూ దరఖాస్తు సిద్ధం చేస్తోంది. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం, ఒక స్థాయికి మించిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలి, తాము నడుస్తున్న ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. కాబట్టి కృష్ణపట్నం తీరాన వచ్చిన లాభంలో కొంత ఉదయగిరికో పామూరుకో రావాలని అడగడానికి మొహమాటం అక్కరలేదు. నా అభ్యంతరమల్లా మా ముసాయిదాలోని మొదటి పద్దు మీదనే. అందులో ట్యాబ్‌లు, కొత్త యాప్, ప్రారంభోత్సవం వరుసగా ఉన్నాయి. మందుల మాట చివరి పేజీలో ఒక వాక్యంగా మిగిలింది.

మాట్లాడే సదుపాయం ఇప్పటికే ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణికి, అంటే 14416 నంబరుకు, ఎవరైనా ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ దీనికి ప్రధాన కేంద్రం. 2024 అక్టోబరులో దీనికి యాప్ కూడా వచ్చింది. ఈ కార్యక్రమానికి 2023-24 బడ్జెట్‌లో దాదాపు 134 కోట్లు చూపగా, 2024-25లో 90 కోట్లే చూపారు. ఈ తగ్గుదలను ప్రశ్నించవలసిందే. అయితే దానికి పోటీగా మేము మరో ఫోను నంబరు పెట్టడంలో అర్థం లేదు.

అసలు చిక్కు ఫోను పెట్టేసిన తరువాత మొదలవుతుంది. బాధను చెప్పుకొని ఊరట పొందేవారికి ఆ సంభాషణే చాలావరకు సరిపోవచ్చు. కానీ చెవిలో ఎవరో మాట్లాడుతున్నారని రాత్రంతా నిద్రపోకుండా తిరిగే కుర్రవాడికి రోజూ మాత్ర కావాలి, లేదా నెలకొకసారి వేసే ఇంజెక్షన్ కావాలి. ఆ ఇంజెక్షన్‌ను ఏ తెర మీద నుంచీ వేయలేరు. లిథియం అనే మందు వాడేవారికి రక్తంలో దాని మోతాదు ఎంత ఉందో ఎప్పటికప్పుడు పరీక్షించాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 18వ సెక్షన్ అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటిని ఉచితంగా ఇవ్వాలని చెబుతూనే, ఆ బాధ్యతను సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పైస్థాయి ఆసుపత్రుల మీద పెట్టింది. అంతకన్నా కింద ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీలో) మందు దొరకకపోతే ఎర్రగొండపాలెం మనిషి ఒంగోలు చేరడానికి వంద కిలోమీటర్లు దాటి ప్రయాణించాలి. కొడుకూ కోడలూ హైదరాబాదుకో బెంగళూరుకో బేల్దారి పనికి వెళ్లిపోయిన ఇంట్లో, రోగిని వెంటబెట్టుకొని ఆ ప్రయాణం చేయవలసింది అరవై దాటిన తల్లి. ఒకటి రెండు నెలలు తీసుకువెళ్తుంది, ఆ తరువాత మానేస్తుంది. కొన్ని వారాలకు జబ్బు తిరగబెడితే, డాక్టరు మందు పనిచేయలేదని ఊరంతా తీర్మానిస్తుంది.

అప్పుడు గొలగమూడి వెంకయ్యస్వామి ఆశ్రమంలో నిద్ర చేయిస్తామనో, ఫలానా దర్గాకు తీసుకువెళ్తామనో అంటారు. నేను దాన్ని తప్పుపట్టను. అక్కడ కనీసం ఎవరూ విసుక్కోరు. మాత్ర కూడా వేసుకుంటూ వెళ్లండి అని చెప్పగలిగిన ఆశా కార్యకర్త ఆ ఇంటికి వచ్చిపోతూ ఉంటే చాలు.

ఫోను ఎవరి చేతిలో ఉంటుందన్నది కూడా ఆలోచించాలి. చాలా ఇళ్లలో మంచి ఫోను మగవాడి దగ్గర ఉంటుంది, మాట్లాడుకోవడానికి విడిగా గది ఉండదు. తాగి వచ్చి కొట్టే భర్త పక్కనే కూర్చుని ఉంటే, తనకు బతకాలని లేదని ఏ ఇల్లాలు ఫోనులో చెబుతుంది? 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారంటే, అంతకుముందు పెద్దలకు చదువు నేర్పే అక్షరదీపం కేంద్రాల్లో నలుగురూ కూర్చుని మాట్లాడుకునే చోటు వారికి దొరికింది. ఇప్పుడు విలేజ్ హెల్త్ క్లినిక్‌లో తలుపు వేసుకోగల ఒక గది, తోడుగా ఏఎన్ఎం నర్సు, నమ్మకంగా పనిచేసే నెట్ ఉంటే ఆ చోటును మళ్లీ ఏర్పరచవచ్చు. నల్లమలలోని కొన్ని చెంచుగూడేలకు సిగ్నలే సరిగా అందదు కనుక, అక్కడికి మనిషి నడిచి వెళ్లడం తప్ప మరో దారి లేదు. ఆ నడకకు కూడా దరఖాస్తులో డబ్బు చూపాలి.

అందుకే పద్దుల వరుస మార్చమని ట్రస్టు సభ్యులను కోరాను. మండలానికొక శిక్షణ పొందిన కార్యకర్తకు మూడేళ్ల జీతం, పీహెచ్‌సీలో నిల్వ తగ్గిన నెలలో మందులు కొనేందుకు కొంత సొమ్ము, రక్తపరీక్షల ఖర్చు, రోగికీ తోడు వచ్చేవారికీ బస్సు చార్జీలు ముందుకు వచ్చాయి. ట్యాబ్‌లను పూర్తిగా తీసేయలేదు, ఎందుకంటే కంపెనీవారికి ఫొటో దిగడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

ఒక్క విషయంలో మాత్రం సభ్యులతో ఇంకా వాదన నడుస్తోంది. ఏటా ఎన్ని కాల్స్ వచ్చాయో నివేదికలో చూపిస్తే చాలునని వారంటున్నారు. ఆరు నెలల పాటు మందు తెగకుండా వాడినవారు ఎందరు, మధ్యలో మానేసినవారు ఎందరు, మానేసినవారి ఇంటికి ఎన్నాళ్లకు వెళ్లాము అన్న మూడు లెక్కలు చూపించాలని నేనంటున్నాను. ఈ లెక్కల్లో మొదటి ఏడాది అంకెలు చిన్నవిగానే ఉంటాయి. ఆ సంగతి దరఖాస్తులోనే ముందుగా రాసి పంపడం మంచిదని నా అభిప్రాయం.