పట్టపగలు, రోడ్డు మధ్యలో, చేతులు పట్టుకుని

ప్రైడ్ పరేడ్, అదే మాలాంటి గే, లెస్బియన్, ట్రాన్స్ వాళ్లం రోడ్డు మీదకొచ్చి నడిచే ఊరేగింపు, అనగానే చాలామందికి రంగులు, డాన్సులు, మేకప్పు గుర్తొస్తాయి. అవన్నీ ఉంటాయి, నాకూ ఇష్టమే. కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైంది నడవడం. నా పార్ట్‌నర్ చెయ్యి పట్టుకుని రోడ్డు మధ్యలో నింపాదిగా నడవడం, అంతే. మామూలు రోజుల్లో మేమిద్దరం పక్కపక్కనే నడుస్తున్నా మధ్యలో కాస్త ఎడం ఉంటుంది, ఎవరైనా చూస్తున్నారేమో అని ఒక కన్ను చుట్టూ తిరుగుతూనే ఉంటుంది, అది కావాలని చేసేది కూడా కాదు, ఏళ్ల తరబడి ఒంటికి అలవాటైపోయింది. ఆ రోజు మాత్రం ఆ కాపలా పని ఉండదు. చెయ్యి పట్టుకున్న కాసేపటికి పట్టుకున్నామన్న సంగతే మర్చిపోయాం, నాకు కావాల్సింది సరిగ్గా అదే, మర్చిపోగలగడం.

ఈసారి మా గ్యాంగ్ మొత్తం వచ్చింది. మేమిద్దరం, ఒక లెస్బియన్ జంట, మా ట్రాన్స్ ఫ్రెండ్ ఒకమ్మాయి, కాలేజీ రోజుల నుంచి నాతో ఉన్న స్ట్రెయిట్ ఫ్రెండు వాడి భార్యతో, ఇంకా మా అందరికంటే చిన్నోడు ఒకడు, వాణ్ని అందరం తమ్ముడూ అనే పిలుస్తాం. తమ్ముడు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పరేడ్‌కి రావడం వాడికి ఇదే మొదటిసారి. ముందురోజు రాత్రి అందరం కింద కూర్చుని ప్లకార్డులు రాస్తుంటే వాడు రంగులు కలుపుతూ, నేనేం పట్టుకోనన్నా, మీ వెనకాల నడుస్తా అన్నాడు. సరేరా అన్నాం. వాడు వస్తున్నాడు, అదే చాలు మాకు.

పొద్దున వాడు మాస్కు, టోపీ, కళ్లజోడు పెట్టుకుని వచ్చాడు. మొదలయ్యే చోటికి వెళ్లి చూస్తే అలా వచ్చినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు, అది చూశాకే వాడికి ఊపిరాడింది. బయటినుంచి చూసేవాళ్లకి మొహం మొత్తం రంగులేసుకున్న మనిషే ధైర్యవంతుడిలా కనిపిస్తాడేమో గానీ, ఇంట్లో ఏదో ఒక పని చెప్పి బయటపడి, మాస్కు వెనకనుంచి స్లోగన్ ఇచ్చేవాడి ధైర్యం తక్కువేం కాదు.

బయల్దేరేముందు ఎదురుచూపు చాలాసేపు ఉంటుంది కదా, ఆ టైమ్‌లో మా ట్రాన్స్ ఫ్రెండ్ ట్రాన్స్‌వాళ్ల జెండా విప్పి తమ్ముడికి చూపించింది. లేత నీలం, గులాబీ, మధ్యలో తెలుపు. 1999లో మోనికా హెల్మ్స్ అనే ట్రాన్స్ మహిళ డిజైన్ చేసింది, ఎటు తిప్పి పట్టుకున్నా ఒకేలా ఉంటుంది, తలకిందులు అనేదే ఉండదు అని తను చెబుతున్నప్పుడు తన మొహం చూడాలి మీరు. దాంతో ప్రైడ్‌కి గుర్తైన ఇంద్రధనుస్సు జెండా కథ కూడా వచ్చింది. 1978లో శాన్ ఫ్రాన్సిస్కోలో గిల్బర్ట్ బేకర్, వాలంటీర్లు కలిసి చేత్తో అద్దకం వేసి కుట్టిన మొదటి జెండాలో 8 రంగులు, తర్వాత జెండాలకి గిరాకీ పెరిగి వాటిలో ముదురు గులాబీ గుడ్డ దొరక్క దాన్ని తీసేశారు, ఆ తర్వాత ఇంకో రంగూ పోయి చివరికి 6 రంగులు మిగిలాయి. తమ్ముడు అంతా విని, అయితే ఇది ఎవరో ఇంట్లో కూర్చుని కుట్టినదేనా అన్నాడు. ఇంచుమించు అంతేరా.

డ్రమ్స్ మొదలయ్యాయి, కదిలాం. మా స్ట్రెయిట్ ఫ్రెండ్ గురించి ఇక్కడ తప్పకుండా రాయాలి. వాడు ఫుట్‌పాత్ వైపే నడిచాడు, మొదటినుంచి చివరిదాకా. ఎందుకురా లోపలికి రా అంటే, కెమెరాలన్నీ ఇటువైపే ఉన్నాయి, ముందు నేను పడతాను, తమ్ముడు పడడు అన్నాడు. ఎవరూ చెప్పలేదు వాడికి. వాలంటీర్లు మైకులో అడక్కుండా ఫొటోలు తీయొద్దని చెబుతూనే ఉన్నారు, అయినా ఒకాయన ఫోన్ ఎత్తి నేరుగా తమ్ముడి వైపు వీడియో పెట్టాడు. మావాడు మధ్యలోకెళ్లి నిలబడి, అన్నా వాళ్లింట్లో తెలీదు, ప్లీజ్ డిలీట్ చెయ్యండి అని మెల్లగా అడిగాడు, ఆయన కూడా పాపం వెంటనే తీసేసి చూపించాడు. సపోర్ట్ అంటే ఏంటి, మేమేం చెయ్యాలి అని నన్ను చాలామంది అడుగుతుంటారు. ఇదిగో ఇది. ఒక్క ఫొటో ఒక కుర్రాడి ఇల్లు పోగొట్టగలదు, చదువు ఆపేయగలదు, ఆ ఫొటోకి అడ్డం నిలబడండి.

దారి పక్కన నిలబడి చూసేవాళ్లలో చెయ్యి ఊపినవాళ్లున్నారు, మొహం తిప్పుకున్నవాళ్లూ ఉన్నారు. మీ ఇష్టం మీ ఇంట్లో ఉంచుకోండి, రోడ్డు మీదకెందుకు అనే మాట ప్రతిసారీ వినబడుతుంది. ఇంట్లోనే ఉంచలేదా ఇన్నాళ్లూ? 1969 జూన్ 28 తెల్లవారుజామున న్యూయార్క్‌లో స్టోన్‌వాల్ ఇన్ అనే గే బార్ మీద పోలీసులు రెయిడ్ చేసినప్పుడు అక్కడున్నవాళ్లు నాలుగు గోడల మధ్యే ఉన్నారు, అక్కడా వదల్లేదు. అందుకే సరిగ్గా ఏడాదికి, 1970 జూన్ 28న, అదే ఊళ్లో వేలమంది వీధిలోకొచ్చి సెంట్రల్ పార్క్ దాకా నడిచారు. మన దగ్గర మొదటిసారి, 1999 జులై 2న కోల్‌కతాలో నడిచింది 15 మంది. పదిహేను మందే! స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసే సెక్షన్ 377 అప్పుడు పూర్తిగా అమల్లో ఉంది, వెనక జనం లేరు, జనంలో కలిసిపోయి దాక్కునే వీలు కూడా లేదు వాళ్లకి. నేను ఇంతమంది మధ్యలో నడుస్తున్నప్పుడు ఆ పదిహేను మంది గుర్తొస్తారు, ఎవరెవరో తెలియకపోయినా దండం పెట్టాలనిపిస్తుంది.

మా ముందు వరసలో ఒక పెద్దావిడ కొడుకుతో కలిసి నడిచింది. చేతిలో అట్టముక్క, దాని మీద నా కొడుకంటే నాకు గర్వం అని రాసుంది. తమ్ముడు చాలాసేపు ఆవిడనే చూశాడు, తర్వాత మెల్లగా వెళ్లి ఆంటీ మీకు ఎలా చెప్పాడు అని అడిగాడు, వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, వినకూడదు కూడా. అయితే జీన్ మాన్‌ఫర్డ్ అనే టీచరమ్మ గురించి నాకు అప్పుడే గుర్తొచ్చింది. 1972లో ఆవిడ కొడుకు మోర్టీని ఒక నిరసనలో కొట్టారు. ఆవిడ పేపర్‌కి ఉత్తరం రాసి, ఆ జూన్‌లో కొడుకుతో కలిసి న్యూయార్క్ మార్చ్‌లో ప్లకార్డు పట్టుకుని నడిచింది, తల్లిదండ్రులారా మన పిల్లల కోసం ఒక్కటవ్వండి అని. దారంతా పిల్లలు పరిగెత్తుకొచ్చి, మా అమ్మావాళ్లతో మాట్లాడతారా అని బతిమాలారట. మరుసటి ఏడాది ఆవిడా భర్తా కలిసి తల్లిదండ్రుల కోసం మీటింగ్ పెట్టారు, అదే తర్వాత పీఫ్లాగ్ అనే పెద్ద సంస్థ అయింది. మన అమ్మానాన్నలకి మన మాట కంటే ఇంకో అమ్మ మాట తొందరగా ఎక్కుతుంది, ఈ మాట నేను గట్టిగా నమ్ముతాను.

చివరికి వచ్చాక అందరం గడ్డిలో కూలబడ్డాం, కాళ్లు పీకేస్తున్నాయి, గొంతులు పోయాయి. చుట్టూ చాలామంది బుగ్గల మీద రంగులు తుడుచుకుంటూ, బ్యాడ్జీలు తీసి బ్యాగుల్లో వేసుకుంటూ కనిపించారు. బస్సెక్కేలోపు మళ్లీ మామూలు మనిషిలా కనబడాలి కదా. అది చూస్తే నాకు కోపం వస్తుంది, బాధ కూడా వస్తుంది, రెండూ వస్తాయి. తమ్ముడూ మాస్కు ఉంచుకునే ఇంటికెళ్లాడు, వెళ్లేముందు మాత్రం ఆ ఆంటీ నంబర్ తీసుకున్నాడు.

మీలో ఎవరికైనా ఒకసారి రావాలనుండి, ఒక్కరే రావడానికి భయంగా ఉంటే వచ్చే పరేడ్‌లో మాతో నడవండి. మాస్కు వేసుకోండి, ప్లకార్డు పట్టుకోనక్కర్లేదు, పేరు కూడా చెప్పనక్కర్లేదు. మధ్యలో నడుద్దురుగాని, ఫుట్‌పాత్ వైపు మావాడు ఉంటాడు.