ఒకటిన్నర మిల్లీమీటరు

మా పాప 27 వారాలకే, కిలో కూడా లేని బరువుతో పుట్టింది. అందరి దృష్టీ ఊపిరితిత్తుల మీదే ఉండేది. తగ్గవలసిన వెంటిలేటర్ అవసరం తగ్గకపోగా మళ్ళీ పెరగసాగడంతో, వైద్యురాలు గుండెను ధ్వని తరంగాలతో చూపించే ఎకో యంత్రాన్ని ఇంక్యుబేటర్ పక్కకే తెప్పించి చూసి, డక్టస్ అనే నాళం ఇంకా తెరుచుకునే ఉందని చెప్పారు.

గర్భంలో ఊపిరితిత్తులకు పని ఉండదు గనుక, వాటి వైపు వెళ్ళే రక్తంలో చాలా భాగాన్ని ఆ నాళమే బృహద్ధమనిలోకి మళ్ళిస్తుంది. నెలలు నిండిన బిడ్డల్లో సాధారణంగా 72 గంటల్లో మూసుకుపోతుంది. మా పాపలో మూసుకోకపోవడం వల్ల రక్తం ఎదురుదారి పట్టి ఊపిరితిత్తులను ముంచెత్తుతోంది. పేగులకు, మూత్రపిండాలకు అందవలసిన వాటా తగ్గుతోంది.

నాళం వెడల్పు 2.1 మిల్లీమీటర్లు. ఇలాంటి పిల్లల్లో 1.5 దాటితే పెద్దదిగానే చూస్తారట, అయినా ఆ ఒక్క అంకెతో ఆమె ఏదీ తేల్చలేదు. ఊపిరితిత్తుల నుంచి అదనంగా తిరిగివచ్చే రక్తానికి గుండెలోని ఎడమ పై గది, అంటే ఎడమ కర్ణిక, సాగుతుంది, బృహద్ధమని మాత్రం అంతగా మారదు. అందుకే ఒకదానితో మరొకదాన్ని పోల్చి చూస్తారు. ఆ నిష్పత్తి పాపకు 1.8 వచ్చింది. గుండె సడలే క్షణంలో బృహద్ధమనిలోని రక్తం వెనక్కి మళ్ళుతున్నట్టు, రక్తప్రవాహపు దిశను చూపే డాప్లర్‌లో కనిపించడం అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది.

అంత చిన్న గుండెలో కొలత గీత వెంట్రుకవాసి పక్కకు జరిగినా అంకె మారిపోతుంది. కాబట్టి ఆమె వరుసగా కొన్ని స్పందనలను కొలిచి సగటు తీసేవారు, తర్వాతి పరీక్షలూ వీలైనంతవరకు తానే చేసేవారు. జెల్‌ను వెచ్చబెట్టకుండా ఒక్కసారి కూడా పాప ఒంటికి తగలనివ్వలేదు. అంత చిన్న బిడ్డకు ఆ చల్లదనమూ భారమేనని అన్నారు.

చాలా నాళాలు వాటంతటవే మూసుకుంటాయని మొదట కొంత ఆగి చూశారు. పాప పరిస్థితి మెరుగుపడకపోయేసరికి, నాళాన్ని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకునే ఐబుప్రొఫెన్ మొదలుపెట్టి, ఆ మందు మూత్రపిండాలకు చేటు చేయగలదు గనుక ప్రతి పూటా మూత్రం కొలిచారు.

మందు ముగిశాక వెడల్పు 0.9కి, నిష్పత్తి 1.3కి దిగాయి. వెనక్కి మళ్ళే ప్రవాహం ఆగిపోయింది, వెంటిలేటర్ కూడా తీసేశారు. ఇంటికి పంపేముందు చేసిన ఎకోలో నాళం పూర్తిగా మూసుకుపోయింది.