దిండిలో మూడు పూటల ప్లాను కట్టాలా?

కోనసీమలో గోదావరి ఒడ్డున ఉన్న ఊరు దిండి. అక్కడి రిసార్టులో గది కోసం ఫోన్ చేస్తే, అవతలి అబ్బాయి అద్దె ఎంతో చెప్పి ఆ వెంటనే "ఫుడ్ ప్లాను ఏది వేయమంటారు మేడమ్?" అని అడిగాడు. గది ఒక్కటే అయితే ఈపీ. పొద్దుటి టిఫిన్ కలిస్తే సీపీ. టిఫిన్‌తో పాటు మధ్యాహ్నమో రాత్రో ఒక భోజనం ఉంటే ఎమ్‌ఏపీ. మూడు పూటలూ వాళ్లే పెడితే ఏపీ. చాలా హోటళ్లలో ఇవే పొడి అక్షరాలు. మన దగ్గర చాలామంది వీటి సంగతి గది తాళం చేతికి వచ్చాక గానీ అడగరు.

మా గదిలో పెద్దవాళ్లం ముగ్గురం, నేను, మావారు, అత్తయ్య. పిల్లలు ఇద్దరు. పక్క గదిలో మరిది, తోటికోడలు. టిఫిన్ ఎలాగూ అద్దెలోనే ఉంది. మిగతా రెండు పూటలకు మనిషికి రోజుకు 1,400, పన్నెండేళ్ల లోపు పిల్లలకు 700 అన్నాడు. మా ఒక్క గదికే రోజుకు 5,600, పైన పన్ను. మావారు కట్టేద్దాం అన్నారు. ఊరు కాని ఊళ్లో పిల్లలకు ఆకలేసినప్పుడు హోటల్ ఎక్కడుందా అని వెతుక్కునే టెన్షన్ ఉండదు కదా అని. ఆయన మాటలో న్యాయం ఉంది. అయినా సరే అనేముందు నేను ఫోన్ పెట్టేయకుండా ఇంకొన్ని అడిగాను.

మొదట అడిగింది ప్లాను ఏ పూటతో మొదలవుతుందని. మేం హైదరాబాదులో రాత్రి నరసాపురం బండి ఎక్కి పొద్దున్నే పాలకొల్లులో దిగుతాం. గది ఇచ్చేది మధ్యాహ్నం పన్నెండుకు. కాబట్టి దిగిన రోజు టిఫిన్ లెక్కలోకి రాదు, బయలుదేరే రోజు టిఫిన్‌తో ప్లాను అయిపోతుంది. తర్వాత వేళలు. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర వరకు, రాత్రి ఎనిమిది నుంచి పది. ఆ వేళకు రాకపోతే ఆ పూట డబ్బు పోయినట్టే, దాని బదులు ఇంకోటి ఇవ్వరు. మేం ఎంచుకున్నవి వారం మధ్య రోజులు. జనం తక్కువగా ఉంటే బఫే పెట్టరు, ప్లేటు భోజనం ఇస్తారు. చేపలు, రొయ్యలు కావాలంటే విడిగా ఆర్డరు ఇచ్చుకోవాలి. ప్లానులో చికెన్ కూర ఒకటి ఉంటుంది. ఆ అబ్బాయి ఏదీ దాచకుండా చెప్పాడు, అందుకు అతన్ని మెచ్చుకోవాలి.

గోదావరి ఒడ్డున కూర్చోబెట్టి, చేపకు మాత్రం వేరే డబ్బు కట్టించుకునే ప్లాను అది. నాకు అక్కడే మనసు విరిగింది.

ఇక మేం తిరగాలనుకున్న ఊళ్లు చూసుకున్నాను. ఒక రోజు అంతర్వేది. ఇంకో రోజు రాజోలు మీదుగా పి.గన్నవరం, అంబాజీపేట, అమలాపురం, వచ్చేటప్పుడు అప్పనపల్లి. రెండు రోజులూ మధ్యాహ్నం పన్నెండున్నరకు దిండిలో ఉండే వీలే లేదు. మధ్యాహ్నం భోజనానికి ముందే డబ్బు కట్టడమంటే ఊళ్లు చూడటం మానుకుని గదికి పరుగెత్తుకు రావాలి, లేదా డబ్బు వదులుకోవాలి. అందుకని మాకు టిఫిన్ ఒక్కటే చాలన్నాను. మరిది వాళ్లు మూడు పూటలూ తీసుకున్నారు. తోటికోడలికి అప్పుడు ఐదో నెల. తను ఎక్కడికీ తిరగనని, నది ఎదురుగా కూర్చుని విశ్రాంతి తీసుకుంటానని ముందే చెప్పింది. ఒకే చోట, ఒకే వంటశాల నుంచి, రెండు ఇళ్లవాళ్లం రెండు రకాలుగా తిన్నాం కాబట్టి ఇదంతా పోల్చి చెప్పగలుగుతున్నాను.

మేం వెళ్లింది మాఘంలో, అంతర్వేది కల్యాణోత్సవాలు ముగిసి జనం పలచబడ్డాక. పాలకొల్లులో దిగగానే క్షీరారామంలో దర్శనం చేసుకుని టిఫిన్‌కు దిబ్బరొట్టె తిన్నాం. మినప్పిండిలో ఇడ్లీ రవ్వ కలిపి, మూకుడులో అరచేతి మందాన పోసి, మూత పెట్టి సన్నసెగ మీద కాలుస్తారు. ఆ చిన్న హోటల్లో ఆవిడ మూత తీసి, అట్లకాడతో అంచు లేపి, అడుగు ఎర్రబడిందా లేదా అని చూసి మళ్లీ మూసేది. తొందర పెడితే లోపల పిండి పచ్చిగానే ఉండిపోతుందట. తెచ్చి విరిస్తే పైపెచ్చు కరకరలాడింది, లోపల తెల్లగా, దూదిలా ఉంది. పక్కన అల్లం పచ్చడి, పిల్లలకు చెరుకు పానకం. ఐదుగురం కడుపు నిండా తిన్నా రిసార్టులో ఒక పిల్లవాడి ప్లాను డబ్బు కాలేదు. చించినాడ వంతెన దాటి దిండి చేరేసరికి గది ఇంకా సిద్ధం కాలేదు గానీ ఎవరికీ ఆకలి లేదు.

ఆ మధ్యాహ్నం మరిది వాళ్ల ప్లేటు చూశాను. పనీర్ బటర్ మసాలా, గోబీ మంచూరియా, వెజ్ కుర్మా, పప్పు, చికెన్ కూర, పెరుగు, గులాబ్ జామ్. శుభ్రంగా వండారు, వేడిగా పెట్టారు, వంక పెట్టేందుకేమీ లేదు. కానీ ఆ పళ్లెం విజయవాడలో పెట్టినా, వరంగల్లులో పెట్టినా అలాగే ఉంటుంది. కిటికీలోంచి చూస్తే కొబ్బరి తోట, దాని వెనకాల వశిష్ఠ గోదావరి. వంట మాత్రం ఎక్కడిదో. వచ్చేవాళ్లలో ఎక్కువమంది హైదరాబాదు వాళ్లని, వాళ్లకు అలవాటైన వంటే వండుతున్నామని మేనేజరు అన్నాడు. నాకు బాధగానే అనిపించింది. అంత దూరం వచ్చినవాళ్లకు పెట్టాల్సింది పనసపొట్టు కూర, ఆవపెట్టిన అరటికాయ కూర, కొబ్బరి పచ్చడి.

మర్నాడు అంతర్వేది. మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా వెళ్లాం. స్వామి దర్శనం, లైట్‌హౌస్, అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నది సముద్రంలో కలిసేచోట పిల్లల ఆటలు. అవన్నీ అయ్యేసరికి ఒంటిగంట దాటింది. దేవస్థానంలో అన్నప్రసాదం తిన్నాం. అన్నదానానికి మాకు తోచింది రాసి, వరసలో కూర్చున్నాం. వేడి అన్నం, పప్పు, సాంబారు, మజ్జిగ. ఇంట్లో పప్పు చూస్తేనే ముఖం తిప్పుకునే మా చిన్నది మారు వడ్డించమంది. వడ్డించే పెద్దాయన "తినమ్మా, ఇంకోతూరి ఏత్తాను" అంటూ మళ్లీ మళ్లీ వచ్చారు. అత్తయ్య బయట హోటళ్లలో ఉల్లి, వెల్లుల్లి భయంతో సగం కడుపుతో లేస్తారు. అక్కడ నిశ్చింతగా తిన్నారు. ఆవిడ కోసం రోజుకు 1,400 కట్టి ఉంటే, ఆ డబ్బుకు ఆవిడ రిసార్టులో తినగలిగేది అన్నం, పెరుగు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఈ లెక్క తప్పకుండా వేసుకోవాలి. ప్లాను తలల లెక్కన కడతాం. తినే తిండి మాత్రం అందరిదీ ఒక్కలా ఉండదు.

తిరుగు దారిలో పల్లిపాలెంలో రొయ్యలు కొందామని మావారికి మహా ఆశ. రిసార్టుకు ఫోన్ చేసి, మేం తెస్తే వండి పెడతారా అని అడిగాం. బయటి సరుకు వంటశాలలోకి రానివ్వమన్నారు. అది వాళ్ల నియమం, సరేననుకున్నాం. అయితే వంటమనిషి తనే ఫోన్ తీసుకుని, "మీరు తేవద్దండి, పొద్దున్నే చెప్పండి, మేవే తెప్పించి చేసేత్తాం. ఏం కావాలో చెప్పండి" అంది. నాకు కావాల్సిన మాట అదే. ఆ మర్నాటి రాత్రికి రొయ్యల ఇగురు, అత్తయ్య కోసం ఉల్లి లేని పనసపొట్టు కూర, కొబ్బరి పచ్చడి చెప్పేశాను. మెనూ కార్డులో వెతికితే ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

మూడో పొద్దున టిఫిన్ వదులుకుని చీకటితోనే బయలుదేరాం. రాజోలు దాటి, కాలువను నది మీదుగా దాటించే పి.గన్నవరం అక్విడక్ట్ మీదుగా వెళుతుంటే అత్తయ్య కారు ఆపమన్నారు. గోదావరి వైనతేయ పాయ మీద దొరల కాలం నాటి పాత అక్విడక్ట్, దాని పక్కన కొత్తది. ఆ కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలై, గోదావరి దాటి వచ్చిన బాటసారులకు వేళ కాని వేళ కూడా వండి పెట్టిన తల్లి. 1909లో పోయారు. ఎవరు వచ్చినా, ఎన్ని గంటలకు వచ్చినా వడ్డించేవారని అత్తయ్య పిల్లలకు చెబుతుంటే నేనూ నిలబడి విన్నాను. ఇప్పుడు బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆవిడ పేరే ఉంది. ఆ నేల మీద నిలబడి, భోజనం దొరుకుతుందో లేదో అన్న భయంతో ముందే డబ్బు కట్టడం నాకు ససేమిరా నచ్చలేదు.

అంబాజీపేటలో పొట్టిక్కలు తిన్నాం. నాలుగు పనసాకులను ఈనెపుల్లలతో గుచ్చి బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పితే లోపలి ఇడ్లీ మీద ఈనెల చారలు అచ్చుగుద్దినట్టు పడి ఉన్నాయి. పనసాకు వాసన పిండిలోకి దిగుతుంది. పెద్దవాడు ఆకులు పారేయకుండా పక్కన దొంతి పెట్టుకున్నాడు, మళ్లీ బుట్టలు కుడతాడట. ఇవి పొద్దున్నే అయిపోతాయి, ఎండెక్కాక వెళితే దొరకవు. రిసార్టు టిఫిన్ ముందే కట్టాం కదా అని కూర్చుంటే ఇవి తప్పిపోయేవి. ఆ రోజు మాకు ఆ టిఫిన్ ఊరికే పోయింది, నేనేమీ బాధపడలేదు. మధ్యాహ్నం బోడసకుర్రు వంతెన దాటి అప్పనపల్లి చేరి, బాలబాలాజీ స్వామి సన్నిధిలోనే భోజనం చేశాం.

రాత్రి భోజనం సంగతి వేరు. చీకటి పడ్డాక దిండిలో ఆటోలు దొరకడం కష్టం. మలికిపురమో రాజోలో వెళ్లి తిని రావాలంటే తోటల మధ్య దారి, పిల్లలకు నిద్ర. కాబట్టి రాత్రి పూట రిసార్టులో తినక తప్పదు. ఇలాంటి చోట ఎమ్‌ఏపీ తీసుకుని, ఆ ఒక్క భోజనం రాత్రికి పెట్టుకోవడం చాలామందికి సరిపోతుంది. మాకు అదీ కుదరలేదు. ప్లాను భోజనం ఎనిమిదికి మొదలవుతుంది, అత్తయ్య ఏడుకల్లా టిఫిన్ తినేస్తారు. విడిగా చెప్పుకుంటే ఏడింటికే దోసెలు వేసి ఇచ్చారు. పిల్లలు ఒక ప్లేటును ఇద్దరూ పంచుకున్నారు. మొదటి రాత్రుల్లో బిల్లు వెయ్యికి కాస్త అటూ ఇటూ అయింది.

ముందుగా చెప్పి వండించుకున్న రాత్రి మాత్రం రెండు వేలు దాటింది, అందులో రొయ్యలదే పెద్ద వాటా. ఆ డబ్బుకు నేను ఒక్క రూపాయి కూడా చింతించను. పనసపొట్టు కూరలో ఆవ ఘాటు ముక్కుకు తగిలేంత సరిగ్గా పడింది, ఎండు మిరపకాయలు, జీడిపప్పు దండిగా వేసింది. వంటమనిషి బయటికి వచ్చి అత్తయ్య పక్కన నిలబడి, "ఉప్పు సరిపోయిందా అండీ?" అని అడిగింది. సరిపోయిందంటే, "ఆయ్, మా ఇంట్లో చేసినట్టే చేసానండి" అంది. మరిది తన ప్లేటు పక్కకు పెట్టి మా గిన్నెలోంచే తిన్నాడు.

తోటికోడలికి మాత్రం మూడు పూటల ప్లాను అక్షరాలా పనికొచ్చింది. గర్భిణి, బయటి నీళ్లు పడవు, ఆకలి వేళకు ఆగలేదు. రెండడుగులు వేస్తే భోజనం. ప్లాను ఉంది కదా అని ఆమె మొహమాటం లేకుండా అడిగేది. పనీర్ వద్దు, పెసరకట్టు, చారు చేసి పెట్టండి అంటే చేసి పెట్టారు. నేల మీద బొంతలా పరుచుకున్న కొబ్బరి నీడలో కూర్చుని వేళకు తిని, హాయిగా పడుకుంది. మరిది మాత్రం రెండు మధ్యాహ్నాలు మాతో తిరిగాడు కాబట్టి అతని రెండు భోజనాలు పోయాయి. ఒకే గదిలో ఒకరికి ఏపీ, ఒకరికి సీపీ ఇస్తారా అని బుక్ చేసేటప్పుడే అడిగి ఉంటే బాగుండేదని వాడే అన్నాడు. కొన్ని చోట్ల ఒప్పుకోరు, గదిలో అందరికీ ఒకే ప్లాను అంటారు. అడగడానికి మాత్రం ఖర్చేముంది?

లెక్క చూసుకుంటే, ప్లాను డబ్బులో సగం కూడా కాకుండానే మా ఐదుగురి తిండి వెళ్లిపోయింది. ఆలయాల్లో అన్నదానానికి రాసింది, దారిలో తాగిన కొబ్బరి బోండాలు, ఆత్రేయపురం పూతరేకుల పెట్టెలు కూడా అందులోనే కలిపాను.

మావారికి ఇప్పుడు వరద నీళ్ల కాలంలో వచ్చి పులస తినాలని ఉంది. పులసకు ఏ ప్లానూ అక్కరకు రాదు. ఆ రోజు దొరికిన చేప, ఆ రోజు చెప్పిన ధర. అత్తయ్యేమో కార్తీకంలో పంచారామాలు చూద్దామంటున్నారు. ఆ నెల సోమవారాలు ఆవిడ నక్షత్రాలు చూశాక గానీ తినరు, మేమూ మాంసాహారం ముట్టం. కార్తీకానికైతే గది ఒక్కటే చెబుతాను. టిఫిన్ కూడా వద్దంటే అద్దె ఎంత తగ్గిస్తారో వచ్చే వారం ఫోన్ చేసి కనుక్కోవాలి.