ఎట్లా చేశావో చెప్పమ్మా

తొమ్మిదో తరగతిలో మా లెక్కల మాస్టారు తప్పు జవాబు చూసి వెంటనే కొట్టేసేవారు కాదు. నోట్సు నా వైపు తిప్పి, "జవాబు సంగతి తర్వాత. ఎట్లా చేశావో చెప్పమ్మా" అనేవారు. చెబుతుండగానే ఎక్కడ తప్పానో నాకే కనబడేది. 2012లో పది పాసై వచ్చేశాక ఆ మాట మరిచిపోయాను. మళ్ళీ గుర్తొచ్చింది మాదాపూర్‌లో యూఎక్స్ డిజైనర్‌గా చేరిన నాలుగో నెలలో.

యూఎక్స్ అంటే ఏమిటని ఊళ్ళో ఇప్పటికీ అడుగుతారు. యాప్ తెరిచినవాళ్ళు తడబడకుండా పని చూసుకుని వెళ్ళేలా తెరలు అమర్చడం మా పని. నాకు దొరికిన మొదటి క్లయింటు గుంటూరులో మిర్చి కమీషన్ వ్యాపారి. తేజ, 334, 341 ఏ రకం క్వింటా ఎంత పలికిందో రైతుకు ఫోనులో చూపించాలి, అంతే. నేను తెల్లటి తెర మీద లేత బూడిద రంగు అక్షరాలతో, చుట్టూ ఖాళీ వదిలి, ఎంతో ఇష్టంగా చేశాను.

"ఇదేందమ్మా, సగం తెర ఖాళీగా పెట్టావు? అక్షరాలు కనపడట్లా. ఎర్రగా చెయ్యి, పెద్దవి చెయ్యి. అన్ని రకాలూ మొదటి పేజీలోనే ఉండాలి" అన్నారాయన.

ఖాళీ ఎందుకు అవసరమో మా భాషలో వివరించాను. ఆయన గొంతు ఇంకా పెరిగింది. రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు వచ్చేవి. మూడు వారాల్లో తొమ్మిదిసార్లు మార్చాను. ఆయన చెప్పింది చెప్పినట్టు చేసినా ఆయనకే నచ్చేది కాదు. ఒక రాత్రి హాస్టల్ మేడ మీద కూర్చుని ఏడ్చాను. మాస్టారు గుర్తొచ్చింది అప్పుడే. ఈయన నాకు జవాబులే చెబుతున్నారు, లెక్క ఎట్లా చేశారో నేను ఒక్కసారీ అడగలేదు.

మర్నాడు కాల్‌లో డిజైన్ తెరవలేదు. "సార్, రైతు ఈ యాప్ ఎక్కడ నిలబడి చూస్తాడు?" అని అడిగాను. ఆయన కాసేపు ఆగి, "యార్డులో, టిక్కీల పక్కన. మిట్టమధ్యాహ్నం ఎండలోనమ్మా" అన్నారు. టిక్కీ అంటే మిర్చి బస్తా. ఆయనకు కావలసింది ఎరుపు కాదు, ఎండలో కనబడే అక్షరం! మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకూ వెలుగులో తేడా కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. నా బూడిద రంగు దానికి అందలేదు. చిక్కటి నలుపు పెట్టాక ఎరుపు మాట మళ్ళీ రాలేదు. రెండు మూడు రకాలు వేసే రైతులున్నారు కాబట్టే అన్నీ ఒకేచోట అడిగారు. రైతు తన రకాలు తనే ఎంచుకునేలా మార్చాను.

ఇంకొకటి కూడా ఆయనే పట్టుకున్నారు. వరుసల మధ్య దూరం ఇంగ్లీషుకు సరిపోయేంతే పెట్టాను. కింద వత్తు తెగి, మిర్చి కాస్తా 'మిరి' అయింది. తెలుగు చదువుకున్నదాన్ని, అది నా కంట పడకపోవడం నాకిప్పటికీ బాధే.

అప్పటినుంచి ప్రతి కాల్ తర్వాత ఏమనుకున్నామో, ఎందుకనుకున్నామో మెయిల్ రాసి పెట్టేదాన్ని. రాత్రి మెసేజ్‌లు వాటంతటవే తగ్గాయి.

ఒక్క బటన్ దగ్గర మాత్రం ఆయన పట్టు విడవలేదు: తెర మధ్యలో 'కాల్ చేయండి'. ఐదుగురితో వాడించి చూస్తే లోపాలు చాలావరకు బయటపడతాయని యూఎక్స్ నిపుణుడు యాకోబ్ నీల్సన్ 2000లో రాశారు. వాదించడం మాని, మార్చిలో యార్డుకు వెళ్ళి ఐదుగురు రైతుల చేతికి ఫోనిచ్చాను. "మీరు మాత్రం ఏమీ అందించకండి సార్" అని ముందే బతిమాలుకున్నాను. మొదటి పెద్దాయన ధరలు పైకి జరపబోయారు, బొటనవేలు బటన్ మీద పడింది. పక్కనే నిలబడ్డ మా క్లయింటు జేబులో ఫోను మోగింది. మూడో రైతు దగ్గరా మోగింది. నాలుగో రైతు దగ్గరా మోగింది.

ఆయన ఫోను కట్ చేసి, నా పక్కనే టిక్కీ మీద కూర్చుని, "ఆ బటన్ కిందికి జరుపమ్మా" అన్నారు.